కత్తి పట్టిన చేత్తోనే మంత్రం: బురుజు రంగమ్మతో ఏడు నెలలు

ముందే చెప్పేస్తున్నాను, 384 పేజీల ఈ పుస్తకంలో నాకు కావాల్సిన భాగం పట్టుమని రెండు పేజీలుండదు. ఫైటర్ (యోధుడు) అనే క్లాసు, అంటే పాత్ర రకం, కింద ఎల్‌డ్రిచ్ నైట్ అనే శాఖ అది. కత్తీ తిప్పుతుంది, మంత్రమూ వేస్తుంది. దానికోసం నాలుగు వేల చిల్లర పెట్టి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆట వాళ్ల 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తెప్పించుకున్నాను. పార్సిల్ ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది. అట్ట వంగింది గానీ లోపల పేజీలకి ఏమీ కాలేదు కాబట్టి తిప్పి పంపలేదు.

నేను కర్నూల్లో పెద్దాసుపత్రి దగ్గర ఒక మందుల షాపులో పని చేస్తాను. ఆదివారం పొద్దున ఏడింటికి మా మిద్దె మీద చాప పరుస్తాం. ఎండెక్కేలోపు, అంటే పదకొండు వరకు ఆట. మధ్యలో ఉగ్గాని, బజ్జీ. కథ నడిపే డీఎం మా తమ్ముడు. మా మరిది పాలడిన్, అంటే దైవబలంతో కొట్లాడే యోధుడు. పక్కింట్లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి వైజార్డు, అంటే మంత్రగత్తె. తమ్ముడి స్నేహితుడొకతను దొంగ, అంటే ఆటలో. పాచికలు చూసి మా అత్త మొదటి రోజే అనేసింది, "పాచికలాడి రాజ్యాలు పోగొట్టుకునిరి, మీరేం పోగొట్టుకుంటారో చూడండి" అని. ఇప్పటిదాకా ఆదివారం పొద్దున్నే బట్టలుతికే పని తప్ప ఏమీ పోలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1974లో మొదటిసారి వచ్చింది. ఒకరు కథ చెబుతారు, తక్కినవాళ్లు ఒక్కో పాత్ర అయి "నేనిది చేస్తా" అంటారు, అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కొట్లాట వచ్చినప్పుడు మాత్రం లెక్క కచ్చితంగా ఉంటుంది. నీ వంతులో ఒక యాక్షన్, ఒక బోనస్ యాక్షన్, కాస్త నడక. ఎదుటివాడి వంతులో అడ్డుకోవడానికి ఒక రియాక్షన్. అంతే నీ దగ్గరున్న డబ్బు. కత్తి దెబ్బకీ ఇందులోంచే ఖర్చు పెట్టాలి, మంత్రానికీ ఇందులోంచే.

గొడవంతా ఇక్కడే. కత్తీ మంత్రమూ రెండూ వచ్చిన మనిషి అంటే వినడానికి భలే ఉంటుంది. మన జానపద సినిమాల్లో కూడా కత్తి హీరోది, మంత్రం మాంత్రికుడిది, ఇద్దరూ ఒకరు కారు. అస్త్రాల కాలంలో అయితే బాణానికే మంత్రం చెప్పి వదిలేవాళ్లు, రెండూ ఒకే దెబ్బ. నాకు ఆటలో కావాల్సింది సరిగ్గా అదే. కానీ యాక్షన్ ఒకటే అయినప్పుడు కత్తి దూస్తే మంత్రం ఆగుతుంది, మంత్రం వేస్తే కత్తి ఆగుతుంది. రెండు పనులు నేర్చినా పూటకి ఒకే కూలి.

ఇదే హ్యాండ్‌బుక్ పాత కూర్పు, 2014 పుస్తకం, దీనికి ఒక దారి చూపించింది. ఏడో లెవెల్‌లో (లెవెల్ అంటే ఆడేకొద్దీ పాత్ర ఎక్కే మెట్టు) వార్ మ్యాజిక్ అని ఒకటి వచ్చేది. యాక్షన్‌తో క్యాంట్రిప్ వేస్తే, బోనస్ యాక్షన్‌తో ఒక కత్తి దెబ్బ కొట్టొచ్చు. (క్యాంట్రిప్ అంటే మా వైజార్డు పిల్ల భాషలో బోరింగు పంపు, కొట్టినంతసేపూ వస్తుంది. స్లాట్, అంటే రోజువారీ కోటా, ఖర్చయ్యే మంత్రం మున్సిపల్ కుళాయి, రాత్రి పడుకుని లేస్తే గాని రాదు.) బాగానే ఉందనిపిస్తుంది గానీ అందులో యాక్షనూ పోయింది, బోనస్ యాక్షనూ పోయింది. పైగా పదకొండో లెవెల్‌కి ఫైటర్‌కి ఒక యాక్షన్‌లో మూడు దెబ్బలు వస్తాయి. అప్పుడు మూడు దెబ్బలు వదులుకుని ఒక క్యాంట్రిప్, ఒక దెబ్బ ఎవరు తీసుకుంటారు?

కొత్త పుస్తకం ఇక్కడ మార్చింది ఒక్క వాక్యమే. అటాక్ యాక్షన్ తీసుకున్నప్పుడు, అందులో ఉన్న దెబ్బల్లో ఒకదాని బదులు వైజార్డు క్యాంట్రిప్ ఒకటి వేయొచ్చు. అంటే మంత్రం కత్తి దెబ్బల లెక్కలోకే వచ్చేసింది. మూడు దెబ్బలుంటే రెండు కత్తి, ఒకటి మంత్రం. ముందు ఏది, వెనక ఏది అన్నది నీ ఇష్టం. బోనస్ యాక్షన్ ఎక్కడికీ పోలేదు, జేబులోనే ఉంది.

దీంతో ఏమొచ్చిందో చెప్పాలంటే మా రంగమ్మ గురించి చెప్పాలి. పూర్తి పేరు బురుజు రంగమ్మ, కొండారెడ్డి బురుజు మీద కాపలా ఉండే మనిషి. పుస్తకంలో గార్డ్ అనే బ్యాక్‌గ్రౌండ్ ఉంది. అది బలం, తెలివి, వివేకం ఈ మూడింట్లో పెంచుకోనిస్తుంది. బలమూ తెలివీ ఒకేచోట దొరకడం ఈ శాఖకి అదృష్టమే, ఎందుకంటే దీనికి కత్తి తిప్పడానికి బలం కావాలి, మంత్రానికి తెలివి కావాలి, బతికుండటానికి ఒళ్లు గట్టిగా ఉండాలి. నేను బలం 17, తెలివి 14, ఒంటి గట్టితనం 14తో మొదలుపెట్టాను. ఏడో లెవెల్‌కి వచ్చేసరికి బలం 18, తెలివి 16.

మా తమ్ముడు కథని బెలూం గుహల్లో పెట్టాడు. 2022లో జిల్లాలు విడగొట్టాక బెలూం నంద్యాల కిందికి పోయింది గానీ మాకు ఇంకా కర్నూలు బెలూమే. 3,229 మీటర్ల గుహ, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, అన్నిటికన్నా లోతున పాతాళగంగ. చిన్నప్పుడు స్కూలు టూర్‌లో ఊపిరాడక ఏడ్చిన చోటే ఇప్పుడు పాచికలు పట్టుకుని తిరుగుతున్నాను. పాతాళగంగకి దిగే ఇరుకు దారిలో ఓగర్ అనే రాక్షసి ఒకటి అడ్డం నిలబడింది. మా వైజార్డు పిల్ల దానికి ఆనుకుని ఇరుక్కుపోయింది, ఒంట్లో 9 పాయింట్లే. ఓగర్ దుడ్డుకర్ర దెబ్బ సగటున 13. ఆ అమ్మాయి పారిపోదామంటే, వెళ్తూండగానే వెనకనుంచి ఓగర్ ఒక దెబ్బ వేయొచ్చు, దాన్నే ఆపర్చునిటీ అటాక్ అంటారు.

వంతు నాది. మొదటి దెబ్బ కత్తితో, తగిలింది. లాంగ్ స్వోర్డుకి కొత్త పుస్తకంలో శాప్ అనే పనితనం ఇచ్చారు. అది తగిలినవాడు తర్వాత కొట్టే దెబ్బకి పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. రెండో దెబ్బ బదులు షాకింగ్ గ్రాస్ప్ అనే క్యాంట్రిప్. పాచికలో 5 పడితే చాలు, 14 పడింది. కరెంటు షాక్ కొట్టినట్టు ఓగర్ బిగుసుకుపోయింది, దాని వంతు మళ్లీ వచ్చేదాకా ఎవరినీ వెనకనుంచి కొట్టలేదు. అమ్మాయి తీరిగ్గా నడిచి నా వెనక్కి వచ్చేసింది. ఓగర్ వంతులో నామీదికి దూకింది. శాప్ ఉండగా కూడా 13 పడింది, దాని 6 కలిపితే 19. నా కవచం 18, అంటే 18 చేరితే దెబ్బ తగిలినట్టే. తగలాల్సిందే. రియాక్షన్‌తో షీల్డ్ మంత్రం, 5 కలిసి 23. తగల్లేదు. "ఏమక్కా, నా ఓగర్‌ని పిల్లిని చేస్తివే" అని తమ్ముడు పాచిక చాప మీద విసిరేశాడు.

ఇందులో చూడండి, నేను పెద్దగా దెబ్బ తీసిందేమీ లేదు. ఓగర్‌కి ఒంట్లో 68 ఉంటే సగం కూడా తగ్గలేదు. కత్తీ మంత్రమూ కలిపితే దెబ్బ రెట్టింపవుతుందని ఆశపడి ఈ శాఖ తీసుకునేవాళ్లు నిరాశపడతారు. షాపులో డోసులు లెక్కేసే అలవాటు కొద్దీ ఒకరోజు కూర్చుని లెక్కేశాను. ఎదుటివాడి కవచం 15 అనుకుంటే, ఏడో లెవెల్ రంగమ్మ రెండు కత్తి దెబ్బలు మామూలుగా వేస్తే సగటున 13.65. అందులో ఒకటి ట్రూ స్ట్రైక్ అనే క్యాంట్రిప్‌గా మారిస్తే 14.6. అంటే ఒక్క పాయింటు లాభం. ఇరవై పడినప్పుడొచ్చే అదనపు పాచికలు ఇందులో కలపలేదు.

ట్రూ స్ట్రైక్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పాత పుస్తకంలో అది అందరూ నవ్వుకునే మంత్రం. ఒక వంతు మొత్తం పోగొట్టుకుని, తర్వాతి వంతులో ఒక దెబ్బకి పాచిక రెండుసార్లు వేసే వీలిచ్చేది. దానికన్నా రెండు వంతుల్లో రెండుసార్లు కొట్టుకోవడం మేలు కదా! కొత్తదాన్ని పూర్తిగా తిరగరాశారు. ఇప్పుడది మంత్రంతో కలిపిన కత్తి దెబ్బే. బలం బదులు తెలివితో కొడతావు, ఐదో లెవెల్ నుంచి ఆరు ముఖాల పాచిక ఒకటి అదనం. అస్త్రం అన్నానే, దానికి ఈ పుస్తకంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే.

కానీ నిజమైన లాభం ఆ బోనస్ యాక్షన్ మిగలడంలో ఉంది. ఏడో లెవెల్‌లో రెండో స్థాయి స్లాట్లు రెండు వస్తాయి. మిస్టీ స్టెప్ అనే మంత్రానికి బోనస్ యాక్షన్ చాలు, ముప్పై అడుగుల అవతల ప్రత్యక్షమవుతావు. ఇప్పుడు రంగమ్మ ఒకే వంతులో లోయ అవతలికి మాయమై, కత్తితో ఒకటి కొట్టి, క్యాంట్రిప్ ఒకటి వేయగలదు. పాత పద్ధతిలో ఇది కుదరదు, ఎందుకంటే కత్తి దెబ్బే బోనస్ యాక్షన్ తినేసేది. పైగా మిస్టీ స్టెప్ పాత ఎల్‌డ్రిచ్ నైట్‌కి అంత సులువుగా దొరికేది కూడా కాదు. అప్పట్లో రక్షణ మంత్రాలు, నిప్పూ మెరుపూ లాంటి దాడి మంత్రాలు, ఈ రెండు రకాల్లోంచే ఎక్కువగా ఎంచుకోవాలి. ఇప్పుడు ఆ కట్టడి తీసేశారు.

ఇంక ఏకాగ్రత. కొన్ని మంత్రాలు వేశాక మనసులో పట్టుకుని ఉండాలి, దెబ్బ తగిలితే పాచిక వేసి నిలబెట్టుకోవాలి. కర్ణుడికి సరిగ్గా కావాల్సిన వేళ మంత్రం గుర్తుకు రాలేదే, ఆ రూలు. మా మిద్దె మీద అందరూ మంత్రాలు వైజార్డుకే నప్పుతాయి అనుకునేవాళ్లు. కాదు. ఫైటర్‌కి ఒంటి గట్టితనం మీద శిక్షణ మొదటినుంచీ ఉంటుంది. ఓగర్ దెబ్బ 13 తగిలితే కనీసం 10 రావాలి. నాకు 5 కలుస్తుంది, వార్ కాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఉంది కాబట్టి పాచిక రెండుసార్లు. మంత్రం జారిపోయేది నూటికి నాలుగుసార్లు. వైజార్డు పిల్లకి కలిసేది 1, నూటికి నలభైసార్లు జారుతుంది. అందుకే ఏకాగ్రత అడిగే బ్లర్ మంత్రం నేను వేసుకుంటాను, ఆమె వెనకనుంచి నిప్పు విసురుతుంది.

ఆ వార్ కాస్టర్ దగ్గరే నా ఫిర్యాదు మొదలు. చాలా మంత్రాలకి చేతి సైగ కావాలి, సైగకి ఖాళీ చెయ్యి కావాలి. ఒక చేత కత్తి, ఒక చేత డాలు పట్టుకున్న ఫైటర్‌కి ఖాళీ చెయ్యి ఎక్కడిది? మూడో లెవెల్‌లో మేం ఇది గమనించక మూడు ఆదివారాలు హాయిగా షీల్డ్ మంత్రం వేసేసుకున్నాం. నాలుగో ఆదివారం వైజార్డు పిల్ల పుస్తకం తిరగేస్తూ, "అత్తా, నీకు చెయ్యి యాడుంది?" అంది. తమ్ముడు చదివి చూసి, కుదరదన్నాడు. నాలుగో లెవెల్‌లో వార్ కాస్టర్ తీసుకునేదాకా (అది ఉంటే చేతులు ఖాళీ లేకున్నా సైగ కుదురుతుంది) డాలు వీపుకి కట్టుకుని తిరిగాను, కవచం 18 కాస్తా 16.

రూలు తప్పని నేననడం లేదు. అది పుస్తకంలో ఉన్న తీరు చూడండి. ఎల్‌డ్రిచ్ నైట్ మూడో అధ్యాయంలో, వార్ కాస్టర్ ఐదులో, చేతి సైగ రూలు ఏడులో. ట్రూ స్ట్రైక్‌కి ఆయుధమే సామగ్రి కాబట్టి కత్తి చేత్తోనే సైగ చేయొచ్చు, షీల్డ్‌కి అలా కుదరదు. ఈ తేడా నీకు నువ్వు కూడబలుక్కోవాలి. కత్తీ మంత్రమూ కలిపి వాడేవాళ్లకే తగిలే చిక్కు ఇది, వాళ్ల పేజీలోనే ఒక చిన్న పెట్టె కట్టి రాసి ఉంటే మా మూడు ఆదివారాలు మిగిలేవి.

రెండో ఫిర్యాదు ఎదురుచూపు. శాఖ మూడో లెవెల్‌లో వస్తుంది, వార్ మ్యాజిక్ ఏడులో. మధ్యలో రెండు, మూడు స్లాట్లతో, ఈ వంతు కత్తా మంత్రమా అని పాత ఊగిసలాటే. ఐదో లెవెల్‌లో రెండు దెబ్బలు వచ్చాక ఇంకా నష్టం, ఒక క్యాంట్రిప్ కోసం రెండు దెబ్బలూ వదులుకోవాలి. మాకు ఒక లెవెల్ దాటడానికి నాలుగైదు ఆదివారాలు పట్టింది, పండగలూ పెళ్లిళ్లూ పోను. నాలుగు నెలలు రంగమ్మ మామూలు ఫైటర్‌లాగానే ఉంది, ఆపదలో షీల్డ్ తప్ప. ఆ రోజుల్లో ఒక్కటే ముచ్చట. మూడో లెవెల్‌లోనే గంటసేపు పూజలాంటిది చేసి కత్తిని మంత్రంతో తనకి ముడేసుకోవచ్చు, పిలిస్తే చేతిలోకి వస్తుంది. ఒక కోటలో మమ్మల్ని దావత్‌కి పిలిచి గుమ్మం దగ్గరే ఆయుధాలన్నీ పెట్టించుకున్నారు. బిర్యానీ మధ్యలో తలుపులు మూశారు. మరిది ఉత్త చేతులతో లేచాడు. నేను బోనస్ యాక్షన్ అన్నాను, కత్తి చేతిలోకి వచ్చింది. మరిది మొహం చూడాలి అప్పుడు.

ఆ మరిది గురించి కూడా చెప్పాలి, అతనూ కత్తి మీద దైవబలం కలిపి కొట్టేవాడే కాబట్టి. పాత పుస్తకంలో పాలడిన్ తగిలిన ప్రతి దెబ్బకీ డివైన్ స్మైట్ కలిపేవాడు, స్లాట్లు ఉన్నంతవరకు. కొత్తదాంట్లో అది మంత్రమైపోయింది, బోనస్ యాక్షన్ అడుగుతుంది, కాబట్టి వంతుకి ఒకటే. "నాది పీకి నీకు పెట్టినారు వదినా" అని ప్రతి ఆదివారం ఏడుపు. నిజానికి అతని ఒక్క స్మైట్ నా రెండు దెబ్బల కన్నా గట్టిగానే తగులుతుంది. స్లాట్లు అయిపోయాక మాత్రం మామూలు కత్తే, నా బోరింగు పంపు ఆగదు.

తమ్ముడి స్నేహితుడు పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట రెండో ఎడిషన్ కూడా ఆడినవాడు. అందులో మేగస్ అనే క్లాసు పుట్టిందే దీనికోసం. వంతుకి మూడు యాక్షన్లు, స్పెల్‌స్ట్రైక్‌కి రెండు, మళ్లీ సిద్ధం కావడానికి ఒకటి. ఒక్క పాచికతో కత్తీ మంత్రమూ రెండూ తేలిపోతాయి. తగిలినప్పుడు కేకలు పెట్టొచ్చు. రెండు ఆదివారాలు ఆడి చూశాను, బాగుంది. కానీ కొట్టు, సిద్ధం కా, కొట్టు, సిద్ధం కా, ఆ గొలుసులో నడవడానికి చోటు మిగలదు. బెలూం లాంటి ఇరుకు గుహల్లో నాకు రంగమ్మే నయం.

ఎవరు కొనాలి? ఆట మొదలుపెట్టేవాళ్లు ఇది కొనక్కర్లేదు. మూల నియమాలు 2025 ఏప్రిల్‌లో ఉచితంగా పెట్టారు, తెచ్చుకుని ఆడుకోవచ్చు. అయితే ఆ ఉచిత దాంట్లో ఫైటర్‌కి చాంపియన్ అనే శాఖ ఒక్కటే ఉంది. ఎల్‌డ్రిచ్ నైట్ కావాలంటే పుస్తకం కావాలి. అలాగని మనిషికొకటి అక్కర్లేదు, మా ఐదుగురికీ ఒకటే సరిపోతోంది. 2014 పుస్తకం ఉండి, ఈ రెండు పనుల పాత్ర ఎప్పుడూ ఆడనివాళ్లు డబ్బు దండగ చేసుకోకండి. ఆడి విసుగెత్తినవాళ్లు మాత్రం తీసుకోండి. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి కోసింది చేతి సైగకి.

రంగమ్మ ఇప్పుడు ఎనిమిదో లెవెల్. పదిలో ఎల్‌డ్రిచ్ స్ట్రైక్ వస్తుంది, కత్తి తగిలినవాడు నా తర్వాతి మంత్రాన్ని తట్టుకోవడానికి తడబడతాడు. అక్కడికి చేరేలోపు మా వైజార్డుకి ఇంటర్ పరీక్షలు, తర్వాత ఎంట్రెన్సు. అందాకా ఆట బంద్. పోతూ పోతూ పుస్తకం ఇంటికి తీసుకెళ్తానని అడిగింది, మధ్యమధ్యలో చూసుకుంటుందట. వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను.